అమెరికా డెక్‌లో పాట నీరసంగా వస్తోంది; అసలు ఫోన్ ఉండగా ఈ తంటా దేనికి?

పెట్టెలో_పాటలు
రెండు ప్రశ్నలు. ఒకటి పని గురించి, ఒకటి కడుపుమంట.

పని: అమెరికాలో వాడిన బెల్టు డెక్ (రబ్బరు బెల్టుతో తిరిగే రికార్డు ప్లేయరు) ఒకటి చేతికొచ్చింది. 230 నుంచి 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆన్ చేస్తే తిరుగుతోంది, పాడుతోంది. కానీ ప్రతి పాటా జ్వరం నుంచి లేచినవాడు పాడినట్టుంది. ఆడగొంతు మగగొంతు దగ్గరికి దిగిపోయింది. బెల్టు మార్చినా అంతే.

కడుపుమంట: ఇవే పాటలు ఫోన్‌లో ఊరికే వస్తున్నాయి. ఇక్కడ దుమ్ము తుడవాలి, ముల్లు దించాలి, 20 నిమిషాలకోసారి లేచి తిప్పాలి. ఇంతా చేస్తే చిటపటలు. జనం దేనికి ఎగబడుతున్నారో లెక్కతో చెప్పండి. "వార్మ్ సౌండ్" అనేవాళ్ళకి ముందే ఒక దణ్ణం.

పెట్టెలో ఉన్న రికార్డులు: 12 అంగుళాలవి 15, 7 అంగుళాలవి 11, 10 అంగుళాల బరువైనవి 14.

ముల్లుమార్చు
డెక్ అడుగున ప్లేటు చదువు. 60 హెర్ట్జ్ అని ఉందా?

పెట్టెలో_పాటలు
ఉంది. 120 వి, 60 హెర్ట్జ్, 5 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను కదా?

ముల్లుమార్చు
ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దించుతుంది, హెర్ట్జ్ మార్చదు. దొరికింది దొంగ.

బెజవాడ_బెల్టు
పైన చెప్పింది కరెక్టే, కాస్త విప్పి చెబుతా. నీ డెక్‌లో ఉన్నది ఏసీ సింక్రోనస్ మోటారు. అది వోల్టేజీని చూసి తిరగదు, కరెంటు ఎన్ని హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని ఊపులు) ఉంటే ఆ లెక్కన తిరుగుతుంది. అమెరికాలో 60, మన దగ్గర 50. అంటే ఆరింట ఐదు వంతుల స్పీడే. నిమిషానికి 33⅓ చుట్లు కాస్తా 27.8 అయింది.

నమ్మకం లేకపోతే పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 100 చుట్లు లెక్కపెట్టు. సరైన స్పీడైతే 180 సెకన్లు. నీకు 216 వస్తుంది. 216 కాకుండా 190, 195 లాంటిది వస్తే అది వేరే జబ్బు: బెల్టు జారడమో, బేరింగ్‌లో గ్రీజు గడ్డకట్టడమో.

డీసీ మోటారు డెక్‌లకీ, క్వార్ట్జ్ లాక్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌లకీ ఈ గొడవ లేదు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటిదైతే వోల్టేజీ సరిపెడితే చాలు.

శ్రుతిపెట్టె
27.8 అంటే మూడు స్వరస్థానాలు దిగినట్టు. 5 శ్రుతిలో పాడిన ఆవిడ 3లో వినిపిస్తుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుంటే కాగితం ముక్క కూడా అక్కర్లేదు.

పెట్టెలో_పాటలు
లెక్కపెట్టాను. 215న్నర. అర సెకను నా చేతి తప్పు. ఇప్పుడేం చెయ్యాలి?

బెజవాడ_బెల్టు
రెండు దారులు. ఒకటి, మోటారు పుల్లీ మార్చడం. కొన్ని కంపెనీలు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా అమ్ముతాయి, ముందు అది వెతుకు. దొరక్కపోతే ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ళ చేత ఇత్తడిలో తీయించుకోవచ్చు.

రెండోది, 60 హెర్ట్జ్ సైన్ వేవ్ తయారుచేసే చిన్న సర్క్యూట్ కట్టి, 10–15 వాట్ల ఆంప్ (ఆంప్లిఫయర్) గుండా పంపి, ట్రాన్స్‌ఫార్మర్‌తో 110 దాకా ఎక్కించడం. మోటారు తాగేది 5 వాట్లే కాబట్టి సరిపోతుంది. స్పీడు సన్నగా సరిచేసుకునే సౌకర్యం కూడా వస్తుంది. కానీ అటు 110 వోల్టులు, చెయ్యి తిరిగినవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోకు.

గాడితప్పినోడు
పుల్లీకి అంత ఆలోచన దేనికి? ఉన్న పుల్లీ 10 మి.మీ. అయితే 1.2 పెట్టి గుణించు, 12. అయిపోయింది.

బెజవాడ_బెల్టు
అయిపోలేదు. బెల్టు మందం లెక్కలోకి వస్తుంది. 10 మి.మీ. పుల్లీ మీద 0.6 మి.మీ. బెల్టు ఉంటే అది నడిపే వ్యాసం 10.6. దాన్ని 1.2తో గుణిస్తే 12.72. అందులోంచి 0.6 తీసేస్తే 12.12 మి.మీ. లేత్ అతనికి ఆ అంకె ఇవ్వాలి. 12.00 తీయిస్తే స్పీడు దాదాపు 1 శాతం తక్కువొస్తుంది.

ఇంకోటి. పుల్లీ మధ్యలో కాస్త బొడ్డులా ఉబ్బి ఉంటుంది, అది ఉండాలి. తిన్నగా సిలిండర్‌లా తీస్తే బెల్టు పైకో కిందకో పాకి జారిపోతుంది. కన్నం మధ్యకి రాకపోతే పాట ఊగుతుంది, వీణ మీద నిలబెట్టిన స్వరం కూడా గమకంలా వినిపిస్తుంది. తేడా 0.02 మి.మీ. లోపు ఉండాలని ముందే చెప్పు. "చూద్దాం సార్" అంటే పక్క షాపుకి పో.

గాడితప్పినోడు
1 శాతం ఎవడికి తెలుస్తుంది బాసూ.

శ్రుతిపెట్టె
హార్మోనియం పక్కన పెట్టుకుని పాడుకునేవాళ్ళకి తెలుస్తుంది.

ఓమ్స్_లా
ఎవరూ చెప్పలేదు కాబట్టి: 60 హెర్ట్జ్ మోటారుని 50 మీద 120 వోల్టులతో నడిపితే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. 100 వోల్టుల ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వాడు. గంట తిరిగాక మోటారు మీద వేలు ఆనించలేకపోతే వోల్టేజీ ఎక్కువైనట్టే.

చిటపట
రెండో ప్రశ్న అందరూ దాటేశారు. నేను మొదలుపెడతా. రికార్డులో సౌండ్ బాగుంటుంది, అంతే. ఫోన్‌లో గొంతు పల్చగా ఉంటుంది, రికార్డులో నిండుగా ఉంటుంది. ఒప్పుకోండి.

ఓమ్స్_లా
దణ్ణం పెట్టినా ఆగలేదు.

లెక్కలు చూద్దాం. సీడీకి డైనమిక్ రేంజ్ (అతి మెల్లటి, అతి గట్టి శబ్దాల మధ్య తేడా) 96 డీబీ. మంచి ఎల్‌పీకి (12 అంగుళాల రికార్డుకి) 60, 70 మధ్య. 12 అంగుళాల రికార్డు బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి 51 సెం.మీ. పరిగెడుతుంది, లోపలి పాట దగ్గరికొచ్చేసరికి 21 సెం.మీ. అంటే ఒకే సెకను పాటని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో స, శ అక్షరాలు చిరిగినట్టు వస్తాయి. ఇది డెక్ తప్పు కాదు, ఆ పద్ధతిలోనే ఉంది.

"నిండుదనం" చాలావరకు మాస్టరింగ్‌లో (అచ్చుకి వెళ్ళే ముందు శబ్దాన్ని తీర్చే పనిలో) తేడా. ఆ రోజుల్లో ఎల్‌పీకి కోసిన టేపు వేరు, తర్వాత సీడీకో యాప్‌కో గట్టిగా వినపడాలని నొక్కిపెట్టిన ఫైలు వేరు. మీరు పోలుస్తున్నది రెండు మాధ్యమాల్ని కాదు, రెండు మాస్టర్లని.

చిటపట
అదేగా నేనంటున్నదీ! మంచి మాస్టర్ రికార్డు మీదే ఉంది.

ఓమ్స్_లా
పాత రికార్డు మీద. ఇప్పుడు కొత్తగా నొక్కుతున్న రీఇష్యూలు చాలావరకు డిజిటల్ ఫైలు నుంచే వస్తాయి. జాకెట్ మీద ఫలానా టేపు నుంచి అని రాయకపోతే ఫైలే అనుకోండి. రాసినా పూర్తిగా నమ్మడానికి లేదు: అసలు మాస్టర్ టేపు పేరుతో ఖరీదుగా అమ్మే అమెరికా లేబుల్ మొబైల్ ఫిడెలిటీ మధ్యలో డిజిటల్ మెట్టు వాడుతోందని 2022లో బయటపడింది. అంతకుముందు ఆ రికార్డుల్లో "అనలాగ్ ఆత్మ" విన్నవాళ్ళంతా ఆ వారం మౌనవ్రతం.

డాలస్_బాబాయ్
అయినా అమ్మకాలు ఆగలేదు. ఇక్కడ 2020లో రికార్డుల మీద వచ్చిన డబ్బు సీడీలని దాటింది, 1986 తర్వాత అదే మొదలు. 2022లో ఎన్ని అమ్ముడయ్యాయన్న లెక్కలో కూడా దాటాయి. కొన్నవాళ్ళలో సగం మందికి డెక్ ఉందో లేదో నాకు అనుమానమే. గోడకి తగిలించుకోవడానికి 12 అంగుళాల బొమ్మ అంటే చిన్న విషయం కాదు.

మోనో_మావయ్య
సౌండ్ గొడవ పక్కన పెట్టండి. తెలుగు రికార్డుకి అసలు విలువ వేరేచోట ఉంది. దాని మీద ఉన్నది ఇంకెక్కడా సరిగ్గా లేకపోవడం.

78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) 10 అంగుళాలది, ఒక వైపు మూడు నిమిషాల పైన కొద్దిగా. సినిమాలో నాలుగున్నర నిమిషాలున్న పాటని దానికి తగ్గట్టు కుదించి ఒక్కోసారి విడిగా పాడించేవాళ్ళు. అంటే రికార్డు పాటా సినిమా పాటా ఒకటి కాదు. యాప్‌లో ఏది దొరుకుతుందో అది వాళ్ళ దయ. ఇక నాటకం పద్యాల సెట్లూ, హరికథలూ, బుర్రకథలూ చాలావరకు ఏ యాప్‌లోకీ ఎక్కలేదు. పద్యం చివర రాగం తీసేవాడు మూడు నిమిషాలు దగ్గరపడుతున్నాయని గబుక్కున ముగించడం ఆ రికార్డుల్లోనే వినాలి. స్టేజీ మీద వన్స్‌మోర్ కొట్టించుకున్న మనిషి అక్కడ గడియారానికి లొంగాడు.

శ్రుతిపెట్టె
దీనికి ఇంకో ముక్క. ఆన్‌లైన్‌లో ఉన్న పాత సినిమా పాటల్లో బోలెడు వీసీడీ, డీవీడీల నుంచి తీసినవి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. అలాగే ఎక్కించేస్తే పాట 4 శాతం వేగంగా పరిగెడుతుంది, శ్రుతి ముప్పాతిక స్వరస్థానం దాకా పెరుగుతుంది. అది విని నేర్చుకున్న పిల్లలు అసలు గాయకుడి శ్రుతి అదే అనుకుంటున్నారు. సరైన స్పీడులో తిరిగే రికార్డు ఒక్కటే సాక్ష్యం.

పెట్టెలో_పాటలు
ఇది నేను వినలేదు. అయితే ఆ 14 బరువైనవి 78లన్నమాట. నా డెక్‌లో 33, 45 మాత్రమే ఉన్నాయి. 45లో పెట్టి వినొచ్చా?

లక్కపిడత_78
ఆగు, ఆగు. ముల్లు దించకు.

78 గాడి వెడల్పు. దానికి 3 మిల్ ముల్లు కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఎల్‌పీ ముల్లు 0.7 మిల్, అది గాడి అడుగుకి దిగిపోయి అక్కడి మట్టిలో దొర్లుతుంది: రొద ఎక్కువ, పాట తక్కువ, వజ్రం పాడు. నీ కార్ట్రిడ్జ్ (ముల్లు గుచ్చే భాగం) ఏంటో చెప్పు. ఆడియో-టెక్నికా వీఎమ్95 వరస అయితే ముల్లు ఒక్కటి లాగేసి 78 ముల్లు గుచ్చితే చాలు, ముల్లు మీద బరువు 5 గ్రాములకి పెంచాలి. ఎల్‌పీకి మళ్ళీ పాత ముల్లు, 2 గ్రాములు. మర్చిపోయి 5 గ్రాములతో ఎల్‌పీ వేస్తే నీ పాపం నీదే.

పెట్టెలో_పాటలు
వీఎమ్95ఈ అని ఉంది. అదృష్టం. వాటి మీద బూజు పట్టి ఉంది, స్పిరిట్‌తో తుడవనా?

లక్కపిడత_78
వద్దు!! 78 లక్కతో చేసింది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. చెక్క పాలిష్‌వాళ్ళు లక్కని కరిగించేదే స్పిరిట్‌లో. తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది, ఆ నలుపు మురికి కాదు, పాట.

గాడితప్పినోడు
లక్క ఇల్లు తగలబెట్టడానికి పురోచనుడు అక్కర్లేదు, హ్యాండ్ శానిటైజర్ చాలు.

లక్కపిడత_78
నవ్వకండి, శానిటైజర్ రాసిన చేత్తో 78 అంచు పట్టుకున్నా మచ్చ పడుతుంది.

పద్ధతి ఇది. అర లీటరు డిస్టిల్డ్ నీళ్ళలో రంగూ వాసనా లేని గిన్నెల సబ్బు రెండు చుక్కలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట, అంటే గుండ్రంగా, అడ్డంగా కాదు. లేబుల్‌కి తడి తగలకుండా పైన ప్లాస్టిక్ మూత గట్టిగా అదిమిపెట్టు. వెంటనే మామూలు డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ఫ్యాను కింద నిలబెట్టి ఆరబెట్టు. ఎండలో వద్దు. నానబెట్టడం అసలే వద్దు, కొన్ని 78లకి మధ్యలో కాగితం పొర ఉంటుంది, పగులులోంచి నీళ్ళు దిగితే పొర లేచిపోతుంది. పగిలినదాన్ని, అంచు ఊడినదాన్ని తడపకు, పొడి బ్రష్‌తో సరిపెట్టు.

ముల్లుమార్చు
వినైల్‌కి (ఎల్‌పీల ప్లాస్టిక్‌కి) మాత్రం స్పిరిట్ పర్లేదు, కొద్దిగా. 800 మి.లీ. డిస్టిల్డ్ నీళ్ళు, 200 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు మూడు చుక్కలు ఫొటో ల్యాబుల్లో వాడే వెట్టింగ్ ఏజెంట్. అది లేకపోతే మానెయ్, షాంపూ వద్దు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో ఇంకోసారి కడగాలి. ఈ రెండో కడుగు ఎగ్గొట్టేవాళ్ళే "కడిగాక చిటపట పెరిగింది" అని వచ్చేది.

గుంటూరు_గంట
డిస్టిల్డ్ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఆర్‌ఓ నీళ్ళు చాలవా?

ముల్లుమార్చు
చాలవు. ఆర్‌ఓలో కూడా ఉప్పు ఎంతోకొంత మిగులుతుంది, ఆరితే గాడిలో తెల్లగా పేరుకుంటుంది. బ్యాటరీ షాపులో ఇన్వర్టర్‌కి పోసే నీళ్ళు 5 లీటర్ల డబ్బా అడుగు. నీళ్ళు అని గట్టిగా చెప్పు, యాసిడ్ డబ్బా కూడా పక్కనే ఉంటుంది.

చిటపట
చెక్క పనికి వాడే తెల్ల జిగురు రికార్డంతా పూసి, ఆరాక పొరలా ఊడదీస్తే మురికి మొత్తం వచ్చేస్తుందట. వీడియోలో చూశా. చర్మం ఒలిచినట్టు భలేగా వస్తోంది.

లక్కపిడత_78
78 మీద చేస్తే ఒలిచేది నిజంగానే చర్మం. వద్దు.

బెజవాడ_బెల్టు
వినైల్ మీద పనిచేస్తుంది, అబద్ధం కాదు. కానీ వీడియోలో వాడే జిగురూ మన దగ్గర దొరికేదీ ఒకే పాళ్ళు కావు. కొన్ని ఆరాక పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా ఊడతాయి. గాడిలో మిగిలిన ముక్కని తీసే మందు లేదు. పొర పల్చబడిన చోట అసలు లేవదు. చెయ్యాలనే ఉంటే అరిగిపోయి పారేసే రికార్డు మీద ముందు చూడు, 24 గంటలు ఆరనివ్వు, అంచున ఒక తోక వదులు, పట్టుకుని లాగడానికి.

గాడితప్పినోడు
ఈ జిగురు చర్చ ఈ వేదికలో ఇది ఎన్నోసారి? అరిగిపోయిన రికార్డు అంటే ఇదే.

పెట్టెలో_పాటలు
ఎల్‌పీ 15లో ఆరు వంగి ఉన్నాయి. ఇస్త్రీ పెట్టెతో వత్తమంటున్నారు ఇంట్లో.

మోనో_మావయ్య
ఇస్త్రీ పెట్టె మాటే ఎత్తకు. వేడికి ముందు గాడి కరుగుతుంది, తర్వాతే రికార్డు తిన్నగా అవుతుంది. రెండు మందపాటి గాజు పలకల మధ్య, ఎండ తగలని గదిలో, పైన 5 కిలోల బరువు, రెండు మూడు వారాలు. పళ్ళెంలా వంగినది చాలావరకు దిగుతుంది. అంచున ఒకేచోట అలలా లేచినది మొండిది, దిగదు. ముల్లు ఎగరకుండా పాడుతుంటే అలాగే వదిలెయ్.

మళ్ళీ వంగకుండా చూడు. ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టకు, నిలబెట్టు, ఒరగకుండా బిగువుగా. ఎల్‌పీ కవరుతో కలిపి పావుకిలో, 100 పెడితే 25 కిలోలు, ప్లైవుడ్ బల్లకి మధ్యలో ఊత కావాలి. గోడకి ఆనించిన చెక్క అలమారా అయితే చెదలు ముందు కవర్ల దగ్గరికే వస్తాయి. ఇనప బీరువా మేలు, పడమటి గోడకి మాత్రం దూరంగా.

గుంటూరు_గంట
మే నెలలో కారు డిక్కీలో రెండు గంటలు పెడితే చాలు, అప్పడం రెడీ.

వాల్తేరు_వేవ్స్
పాత సూట్‌కేసు ప్లేయర్లున్నవాళ్ళకి ఒక మాట. హెచ్ఎంవీ ఫియెస్టా లాంటివాటిలో మోటారు తిరుగుతూ ఉన్నా పాట రాకపోతే వైర్లు తెంపుకోవద్దు. అప్పటి కొన్ని కార్ట్రిడ్జ్‌ల లోపల రాషెల్ సాల్ట్ స్ఫటికం ఉంటుంది. అది నిజంగా ఉప్పే, తేమకి కరుగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఆ కార్ట్రిడ్జ్ బతికుండటం అరుదు. సెరామిక్ కార్ట్రిడ్జ్ వేసుకోవాలి.

గుంటూరు_గంట
ఆన్‌లైన్‌లో కొత్త సూట్‌కేసు ప్లేయర్లు ఐదారు వేలకి వస్తున్నాయి. ఎర్ర ముల్లువి. తీసుకోవచ్చా?

ముల్లుమార్చు
ఆ ఎర్ర ముల్లు సెరామిక్. బరువు 5 గ్రాములు, ఒక్కోటి ఇంకా ఎక్కువ. బరువు సరిచేసే ఏర్పాటు ఉండదు. పళ్ళెం 12 అంగుళాల రికార్డు కంటే చిన్నది, స్పీకరు అదే పెట్టెలో, గట్టిగా పెడితే ముల్లు వణుకుతుంది. పాత ఈపీలు (7 అంగుళాలవి) సరదాగా వినడానికి సరే. మళ్ళీ దొరకని రికార్డు మాత్రం దాని మీద పెట్టకు.

బరువు మార్చుకునే వెనకబిళ్ళ, ఊడదీసే ముల్లు, ఎమ్ఎమ్ (మూవింగ్ మ్యాగ్నెట్) కార్ట్రిడ్జ్: ఈ మూడూ ఉన్న సెకండ్‌హ్యాండ్ డెక్ దానికంటే వెయ్యి రెట్లు నయం.

చిటపట
కొత్త సూట్‌కేసుల్లో బ్లూటూత్ కూడా ఉంది కదా, వైర్లు లేకుండా స్పీకరుకి పంపొచ్చు.

ఓమ్స్_లా
రికార్డు కొని, ముల్లు దించి, దాన్ని మళ్ళీ డిజిటల్ చేసి, కుదించి, పక్క గదిలో స్పీకరుకి గాలిలో పంపడం. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం అంటే ఇదే.

కోఠి_కలెక్టర్
కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో, ఊళ్ళలో ఎగ్జిబిషన్లలో మెరిసే ఇత్తడి బాకాతో "బ్రిటిష్ కాలం గ్రామఫోన్" అమ్ముతుంటారు. కొత్త రేకు బాకా, కొత్త చెక్కపెట్టె, లోపల పోర్టబుల్ నుంచి పీకిన మోటారు, మీద కుక్క బొమ్మ స్టిక్కర్. కీ తిప్పితే సగం పాటకే స్పీడు పడిపోతుంది. షోకేసులో పెట్టుకోవడానికైతే మీ ఇష్టం. అసలైనదైనా దాని మీద ఎల్‌పీ వేయకండి, ఒక్కసారికే గాడి చెక్కుకుపోతుంది. ఉక్కు ముల్లు ఒక వైపుకి ఒకటి, తర్వాత పారెయ్యాలి. "ఈ ముల్లుతో వంద పాటలు" అన్నవాడు వంద రికార్డులు తినిపిస్తున్నాడు.

రికార్డుల ధర గురించి కూడా. ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ "అరుదు" అని వేలు చెబుతారు. తెలుగు ఇళ్ళల్లో చాలా విరివిగా ఉన్న రికార్డు అది. తొందరపడకండి, వెలుతురులో అడ్డంగా పట్టి గీతలు చూసి, కన్నం చుట్టూ లేబుల్ మీద ముల్లుగీతలు ఎన్నున్నాయో చూడండి. అవి ఎక్కువుంటే చీకట్లో తడుముకుంటూ చాలాసార్లు పెట్టారన్నమాట, ఎంత మెరిసినా అరిగినదే.

మోనో_మావయ్య
నెంబరు కూడా చూడండి. హెచ్ఎంవీ ఎల్‌పీల్లో ఈసీఎల్‌పీ, ఈఏఎల్‌పీ అంటే మోనో. ఈసీఎస్‌డీ, ఈఏఎస్‌డీ అంటే స్టీరియో. మోనో రికార్డు వేసేటప్పుడు ఆంప్‌లో మోనో బటన్ నొక్కితే చిటపట దాదాపు సగం పడిపోతుంది. పాట గాడిలో పక్కలకి ఊగుతుంది, దుమ్ము ముల్లుని పైకీ కిందకీ ఎగరేస్తుంది. రెండు ఛానళ్ళూ కలిపితే ఆ పైకీ కిందకీ కొట్టేసుకుపోతుంది. 78లకి కూడా ఇదే మంత్రం.

7 అంగుళాలవి అన్నీ 45 అనుకోవద్దు, 33లో తిరిగేవీ ఉన్నాయి. లేబుల్ చదవండి.

డాలస్_బాబాయ్
78లు మన దగ్గర అన్ని ఎందుకు మిగిలాయో తెలుసా? బయట దేశాల్లో 1960 ప్రాంతానికి ఆపేశారు. కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో మాత్రం ఆ దశాబ్దంలో కూడా నొక్కుతూనే ఉన్నారు. కరెంటు లేని ఊళ్ళలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనే దిక్కు కదా. అందుకే బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78 మీద వచ్చాయి. వాటి కోసం ఇక్కడివాళ్ళు ఎగబడతారు. పెట్టెలో ఓసారి చూసుకో, పెట్టెలో_పాటలు.

పెట్టెలో_పాటలు
చూశా. అన్నీ పద్యాలే, రెండు హరికథ. బీటిల్స్ రాలేదు మా ఊరికి.

మోనో_మావయ్య
అవే బీటిల్స్ కంటే నయం. ముందు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించు.

పెట్టెలో_పాటలు
78 స్పీడు లేదుగా?

లక్కపిడత_78
అక్కర్లేదు. 3 మిల్ ముల్లు వచ్చాక 45లోనే తిప్పి రికార్డు చెయ్యి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, అత్యంత గట్టి చోట కూడా −6 డీబీ దాటకుండా. తర్వాత ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పీడు మార్చే చోట 45 నుంచి 78 అని ఎంచుకుంటే సరి.

ఓమ్స్_లా
ఇక్కడో మెలిక. ఫోనో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది) ఎల్‌పీల కోసం 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ వంపు వేసి పంపుతుంది: బాస్ పెంచి, ట్రెబుల్ తగ్గించి. 78లని ఆ వంపుతో కొయ్యలేదు. పైగా నువ్వు 45లో తిప్పి వేగం పెంచితే ఆ వంపు కూడా 1.73 రెట్లు పైకి జరిగిపోతుంది. కాబట్టి వరస ముఖ్యం. ముందు ఆర్‌ఐఏఏని తిరగేసి తీసెయ్, తర్వాత స్పీడు మార్చు, ఆ తర్వాత 78 వంపు వెయ్యి. హెచ్ఎంవీకి 250–300 హెర్ట్జ్ కింద బాస్ ఎత్తితే చాలు, ట్రెబుల్ ముట్టుకోకు. వరస తప్పితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, ఎందుకో ఎప్పటికీ తేలదు.

లక్కపిడత_78
అవును, అది చెప్పడం మరిచా. ఏ మార్పూ చెయ్యని పచ్చి ఫైలు విడిగా దాచు. రొద తీసే సాఫ్ట్‌వేర్‌ని 6 డీబీ దాటనివ్వకు. అంతకు మించితే రొదతో పాటు హార్మోనియం గాలి కూడా పోతుంది, గొంతు నీళ్ళలోంచి వస్తుంది. యాప్‌లో పాత పాటలు అలా ఉండటానికి సగం కారణం ఇదే.

గుంటూరు_గంట
2 గ్రాములు, 5 గ్రాములు అంటున్నారు, ఎలా తూచాలి?

ముల్లుమార్చు
బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా, 0.01 గ్రా. చూపేది. తూచే చోటు రికార్డు ఎత్తులోనే ఉండాలి, పైకుంటే బరువు తప్పు చూపుతుంది. కాటా రేకు అయస్కాంతానికి అంటుకునేదైతే కార్ట్రిడ్జ్‌ని లాగేసుకుంటుంది, అంకె అబద్ధం. ముందు ఓ చిన్న అయస్కాంతాన్ని రేకుకి తాకించి చూడు. కాటా నిజాయితీ చూడాలంటే 2011 తర్వాతి రూపాయి బిళ్ళ పెట్టు, 3.79 గ్రా. రావాలి.

తక్కువ బరువు మంచిదనుకోకు. 2 గ్రాముల ముల్లుని 1.2కి దించితే గాడిలో నిలబడక గోడలకి కొట్టుకుంటుంది, రికార్డుకి ఎక్కువ నష్టం అదే. ఇంకోటి, ముల్లు శాశ్వతం కాదు. ఆ 95ఈ ఎలిప్టికల్, కంపెనీ లెక్క 300 గంటలు. రోజుకో ఎల్‌పీ వింటే ఏడాది మీద కొన్ని నెలలు.

వాల్తేరు_వేవ్స్
బేరింగ్‌లో నూనె సంగతి? కొబ్బరి నూనె రెండు చుక్కలు వేస్తే సాఫీగా తిరుగుతోందని ఎవరో రాశారు.

బెజవాడ_బెల్టు
డిసెంబరులో రమ్మను, గడ్డకట్టాక మాట్లాడదాం. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, అంతే. బెల్టు మీద, పుల్లీ మీద ఒక్క చుక్క పడినా స్పిరిట్‌తో తుడిచెయ్.

పెట్టెలో_పాటలు
పుల్లీ వచ్చింది. 12.12 అని రాసిస్తే 12.10 తీశాడు. బిగించాను. 100 చుట్లు 180 సెకన్లు. కానీ స్ట్రోబ్ కాగితం (స్పీడు చూడటానికి గీతలు గీసిన బిళ్ళ) పెడితే గీతలు కనిపించడమే లేదు, అంతా బూడిద రంగు. 180 గీతల వరసే చూశాను, 50 హెర్ట్జ్‌ది.

ఓమ్స్_లా
ఎల్ఈడీ బల్బు కింద చూశావా?

పెట్టెలో_పాటలు
అవును.

ఓమ్స్_లా
చాలా ఎల్ఈడీలు కరెంటుతో పాటు రెపరెపలాడవు, గీతలు నిలబడవు. ట్యూబ్‌లైట్ కింద చూడు. పాత బరువు చోకుది, ఎలక్ట్రానిక్ చోకుది కాదు. ఇంట్లో లేకపోతే నియాన్ టెస్టర్ వెలుగు చాలు, గది చీకటి చేసుకో.

పెట్టెలో_పాటలు
మెట్ల కింద ట్యూబ్‌లైట్ పాతది, డెక్ అక్కడికే మోశాను. గీతలు నిలబడ్డాయి, నిమిషానికి తొమ్మిదో పదో గీతలు వెనక్కి జరుగుతున్నాయంతే. 5 శ్రుతికి 5 శ్రుతే పలుకుతోంది. ఇప్పుడు ఎడమ స్పీకరులో గుయ్‌మని మోత, ఆర్మ్ ముట్టుకుంటే ఆగిపోతోంది.

ముల్లుమార్చు
డెక్ వెనక సన్నటి విడి వైరు వేలాడుతోందా? దాన్ని ఆంప్ వెనక ఎర్త్ మరకి బిగించు. డెక్‌లోనే ప్రీఆంప్ ఉండి వెనక ఫోనో, లైన్ మీట ఉంటే అదీ చూడు, లైన్‌లో ఉంచి ఆంప్ ఫోనో కన్నంలో పెడితే పాట పగులుతుంది.

పెట్టెలో_పాటలు
వైరు ఉంది. ఇన్నాళ్ళూ అది తెగిపోయిన ముక్క అనుకుని టేపు చుట్టి పెట్టాను.

గాడితప్పినోడు
టేపు విప్పు నాయనా.